షుగరు మాత్ర పడకపోతే

భాద్రపదం వచ్చిందంటే రాయ్‌పూర్‌లోని మా మోవాలో పుట్టిళ్ల ప్రయాణాలు మొదలవుతాయి. వినాయక చవితికి ముందురోజు తీజా. ఛత్తీస్‌గఢ్ ఆడపడుచులకు అంతకు మించిన పండగ లేదు. అన్నో తమ్ముడో వచ్చి వెంటబెట్టుకుని వెళ్తాడు. ముందు రాత్రి కాకరకాయ కూరతో అన్నం తింటారు, దాన్ని కరూ భాత్ అంటారు. మర్నాడు పగలూ రాత్రీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన ఆ ఉపవాసాన్ని అరవై ఏళ్లు దాటినా వదలరు. మధ్యలో షుగరు వచ్చిందని మానుకునేవాళ్లు తక్కువే. మన తెలుగిళ్లలో మాత్రం? శివరాత్రి జాగరణ, కార్తీక సోమవారం ఒంటిపూట, ఇవి షుగరుందని ఆగాయా!

మా వీధిలో ఒకావిడ నన్ను నోరారా ‘బబా’ అని పిలుస్తుంది, తాతయ్యా అని. తీజాకు బయల్దేరే ముందు మందుల సంచీ తెచ్చి నా ముందు పోసి, ఉపవాసం రోజున వీటిలో ఏవి వేసుకోవాలి, ఏవి మానాలి అని అడిగింది. నేను డాక్టర్ని కాను, పిల్లలకు సైన్సు చెప్పి బతికినవాణ్ణి. “అది మీ డాక్టరే చెప్పాలి తల్లీ, బండెక్కే ముందే వెళ్లి అడుగు” అన్నాను. ఆ మాటల్లోనే ఒక స్ట్రిప్పు నా కంట పడింది. ఒక్క మాత్రా విప్పలేదు. అదేమిటమ్మా అంటే, “అది నాకు పడదు బబా, ఎప్పుడో మానేశాను” అంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పావా అంటే లేదు.

ఇక్కడే నాకు గుండె గుభేలుమంటుంది. డాక్టరు లెక్కలో ఆవిడ ఆ మాత్ర వేసుకుంటూనే ఉంది. రిపోర్టులో అంకె దిగలేదు కాబట్టి ఆయన ఇంకో మాత్ర చేరుస్తాడు, లేదా ఉన్నదాని మోతాదు పెంచుతాడు. రేపెప్పుడో ఆసుపత్రిలో చేరినప్పుడు నర్సమ్మ చీటీ చూసి అన్నీ వరసగా వేస్తుంది. ఆ రాత్రి షుగరు పాతాళానికి పోతుంది. మందు పడకపోవడం వల్ల కలిగే నష్టం కంటే, పడలేదన్న మాట చెప్పకపోవడం వల్ల కలిగే నష్టమే చాలాసార్లు పెద్దది.

అసలు ఏ మాత్ర ఎందుకు పడదు? అడిగి చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో కథ. ఎక్కువమంది చెప్పేది మెట్‌ఫార్మిన్ గురించి. కడుపు ఉబ్బరం, విరేచనాలు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. ఇది అలెర్జీ కానే కాదు. ఈ మందు రక్తంలో కంటే పేగు గోడల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా పోగవుతుంది. అక్కడ కూడా తన పని చేస్తుంది కాబట్టి పేగులు మొదట్లో తిరగబడతాయి. భోజనంతో పాటు వేసుకుని, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచితే చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ఎస్ఆర్ అనీ ఎక్స్ఆర్ అనీ నిదానంగా కరిగే రకం ఉంది. ఆ రకం వేసుకున్నవాళ్లకు ఒక్కోసారి మలంలో మాత్ర ఆకారం అలాగే కనిపించి, మందు కరగలేదని హడలిపోతారు. మందు లోపలే కరిగి ఒంటికి పట్టింది, బయటికి వచ్చింది ఒట్టి డొల్ల.

మెట్‌ఫార్మిన్‌కు ముత్తాత గలేగా అనే ఐరోపా మొక్క. దాని సారంలోని రసాయనానికి దగ్గరి పోలికున్న ఈ మందును 1922లో డబ్లిన్‌లో మొదటిసారి తయారు చేశారు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దీన్ని షుగరు రోగులకు వాడి చూపించాడు. దీనికి ఫెన్‌ఫార్మిన్ అని ఒక చుట్టం ఉండేది. అది కొందరి రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని ప్రమాదకరంగా పెంచుతోందని తేలి అమెరికాలో 1977లో ఆపేశారు. మన దేశంలో నిషేధం 2003లో గానీ రాలేదు. మెట్‌ఫార్మిన్‌తో ఆ ప్రమాదం చాలా అరుదు. అయితే మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఇది ఇవ్వరు. అందుకే ఏడాదికోసారైనా క్రియాటినిన్ చూపించుకోమంటారు. స్కానింగులో రంగుమందు ఎక్కించేటప్పుడు, “మీరు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా?” అని అడిగేదీ అందుకే.

అయితే మెట్‌ఫార్మిన్ చేసే మరో పని ఉంది, అది చప్పుడు చెయ్యదు. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి చిన్నపేగు చివర బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గిపోతుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. తర్వాత అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు, నడుస్తుంటే దూదిమీద అడుగేసినట్టు ఉండటం. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా ఇవే లక్షణాలు. అందుకని తప్పంతా షుగరు మీదకే తోసేస్తాం. మాంసం, చేపలు, గుడ్లు, పాలు తక్కువగా తినేవాళ్లలో ఈ లోటు ఇంకా త్వరగా వస్తుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో దీన్ని తరచుగా కనిపించే దుష్ఫలితంగానే లెక్కవేసి, లక్షణాలు ఉన్నవాళ్లకు బి12 పరీక్ష చెయ్యమని డాక్టర్లకు రాసింది.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ముందుకు పోలేను. 1895లో పుట్టిన ఆయన అమెరికా వెళ్లారు. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి చూపింది. తన ఇంటివాళ్లనే పొట్టన పెట్టుకున్న స్ప్రూ అనే జబ్బుకు అది మందైంది. కోట్ల మంది గర్భిణులకు ఇవాళ అదే రక్ష. ఆయన 1948లో కన్నుమూశారు. బి12ను శుద్ధరూపంలో వేరు చేసిందీ ఆ ఏడాదే. ఈ రెండు విటమిన్లూ రక్తం తయారీలో చేయి చేయి కలిపి పనిచేస్తాయి. అందుకే ఒక చిక్కు వస్తుంది. బి12 లోటున్న మనిషికి ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఇస్తే రక్తం కోలుకుంటుంది, ముఖం తేటపడుతుంది, కానీ నరాల నష్టం లోపల్లోపల సాగిపోతూనే ఉంటుంది. రక్తహీనత పోయింది కదా అని పరీక్ష చేయించకుండా వదిలేస్తే, పోయిన నరాల బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇంట్లో పిల్లలు ఈ ఒక్క బి12 పరీక్ష గురించి డాక్టరును అడగాలి.

ఇప్పుడు గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కుటుంబానికి వద్దాం. ఈ మందులు పుట్టిందే ఒక దుష్ఫలితం లోంచి. 1942లో, యుద్ధం నడుస్తుండగా, ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో మార్సెల్ జాన్‌బాన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చాడు. టైఫాయిడ్ సంగతి అటుంచి, కొందరు రోగులు చెమటలు పట్టి, స్పృహ తప్పి పడిపోయారు. రక్తం చూస్తే చక్కెర అడుగంటి ఉంది. ఆయన సహచరుడు ఆగస్ట్ లుబాత్యేర్ దాన్ని కుక్కల మీద పరీక్షించాడు. క్లోమగ్రంథి ఉన్న కుక్కలో చక్కెర పడిపోతోంది, గ్రంథి తీసేసిన కుక్కలో పడటం లేదు. ఈ మందు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తోందని అలా తేలింది. 1950ల మధ్యకల్లా ఆ వంశపు మాత్రలు షుగరు రోగుల చేతికొచ్చాయి.

అంటే షుగరు పడిపోవడం ఈ మందుకు వెలుపలి నుంచి వచ్చిన దోషం కాదు, దాని గుణమే. మా కాలనీ బోరు మోటారు చూడండి, ట్యాంకు నిండిందా లేదా అని దానికి తెలియదు, స్విచ్చి వేశాక తోడుతూనే ఉంటుంది. ఈ మాత్రా అంతే. మీరు అన్నం తిన్నారా, తీజా ఉపవాసంలో ఉన్నారా అని చూడదు. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, పొంతనలేని మాటలు, ఇవి షుగరు పడిపోయిందనడానికి గుర్తులు. పెద్దవాళ్లలో వణుకూ దడా లేకుండా నేరుగా మతిమరుపులాగో, ఊరికే కోపగించుకోవడంలాగో కనిపించవచ్చు. పెద్దాయన ఇవాళ చిరాకుగా ఉన్నాడని ఇంట్లోవాళ్లు పక్కకి తప్పుకుంటారు. అప్పుడే వేలిమీద ఓ చుక్క తీసి చూడాలి. గుండెకు అటెనలాల్ లాంటి మందు వాడేవాళ్లకు దడా వణుకూ అణిగిపోతాయి, ఒక్క చెమట మాత్రం మిగులుతుంది.

మూత్రపిండాలు నెమ్మదించిన వయసులో ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్‌తో ఆ బెడద ఎక్కువ. అందుకే దాన్ని ముసలివాళ్లకు రాయడం తగ్గించారు. దీనికి తోడు మూత్రంలో మంటకో దగ్గుకో సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే షుగరు ఒక్కసారిగా కూలిపోవచ్చు. ఫంగస్‌కు వాడే ఫ్లూకనజోల్ కూడా అంతే. జలుబుకని మెడికల్ షాపులో నిలబడి మందు అడిగేటప్పుడు కూడా, “నాకు షుగరు మాత్రలున్నాయి, ఇవిగో వాటి పేర్లు” అని చెప్పడం మన పని. ఆకు పసర్లూ, పేరులేని పొడులూ అమ్మేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. చాలా దేశాల్లో మూలికల పొడి అని అమ్మినవాటిలో ఇదే గ్లిబెన్‌క్లమైడ్ నూరి కలిపినట్టు ప్రయోగశాలలు పట్టుకున్నాయి. ఆ పొడితో పాటు డాక్టరు మాత్రలూ వేసుకుంటే ఒకే మందును రెండింతలు మింగినట్టు.

షుగరు పడిపోయినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడమంటారు. అది మంచి పద్ధతే, ఒక్క సందర్భంలో తప్ప. మీ మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ కలిసి ఉంటే పంచదార ఆలస్యంగా పనిచేస్తుంది. పంచదారను పేగులో ముక్కలు చేస్తేగాని గ్లూకోజ్ రాదు, ఆ ముక్కలు చేసే ఎంజైమునే ఈ మందు కట్టేస్తుంది. అరగని పిండి పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు విందు కావడం వల్లే ఈ మందులతో గ్యాసు పడుతుంది. కాబట్టి ఇవి వాడేవాళ్ల ఇంట్లో గ్లూకోజ్ పొడి ఉండాలి, అది లేకపోతే తేనె. స్పృహలేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. దానికోసం రాయ్‌పూర్‌లో ఒక ప్రత్యేక సంస్థే ఉంది. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీ పల్లెల్లోనూ ఇది ఉంది. మూడు నెలల షుగరు సగటు అని చూసే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఎర్రకణాలు దాదాపు నాలుగు నెలలు బతుకుతాయన్న లెక్క మీద నడుస్తుంది. సికిల్ సెల్ రోగిలో కణాలు తొందరగా చనిపోతాయి, కాబట్టి అసలు షుగరు ఎక్కువున్నా అంకె తక్కువ చూపుతుంది. ఆ అంకెను నమ్మి మందు మోతాదు నిర్ణయిస్తే తప్పుతుంది. ఇలాంటి ప్రాంతాల్లోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం కూడా కనిపిస్తుంది. ఆ లోపం ఉన్నవాళ్లకు గ్లిమెపిరైడ్ కుటుంబపు మందులతో ఎర్రకణాలు పగిలిపోవచ్చని కంపెనీలు ఇచ్చే కాగితంలోనే ఉంటుంది. కళ్లు పచ్చబడి, మూత్రం నల్లటీ రంగులో వస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మీ వంశంలో సికిల్ సెల్ గానీ, జీ6పీడీ లోపం గానీ ఉంటే షుగరు డాక్టరుకు ఆ మాట మొదటి రోజే చెప్పండి.

కొత్తగా వచ్చిన గ్లిఫ్లోజిన్ల గురించి ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లం మొహమాటపడతాం. పడకూడదు. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థమే వీటికి ఆదర్శం. ఈ మందులు రోజుకు అరవై, డెబ్భై గ్రాముల చక్కెరను మూత్రంలోకి వదిలేయిస్తాయి. గుండెకూ మూత్రపిండాలకూ వీటివల్ల మేలుందని గట్టి పరీక్షల్లో తేలింది. 2025 మార్చిలో మన దేశంలో వీటిలో ఒకటైన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిశాక ధర బాగా దిగి, సామాన్యుల చీటీల్లోకీ వచ్చేసింది. అయితే తీపి మూత్రం ఉన్నచోట ఫంగస్ చేరుతుంది. మర్మస్థానంలో దురద, తెల్లబట్ట, మగవాళ్లకైతే చర్మం ఎర్రబడి పగలడం. ఆడవాళ్లు ఈ మాట కొడుక్కి చెప్పలేరు, కోడలికి చెప్పరు, డాక్టరు మగవాడైతే అసలు నోరు విప్పరు. మాత్ర మానేసి ఊరుకుంటారు. ఇది ఎవరి శుభ్రతకూ మచ్చ కాదు తల్లీ, మందు చేసే పని. మూత్రవిసర్జన తర్వాత నీళ్లతో కడిగి తుడుచుకోవడం, చిన్న ఫంగస్ క్రీము, అంతటితో చాలామందికి తగ్గిపోతుంది. ఆ ప్రాంతంలో వాపూ, భరించలేని నొప్పీ, జ్వరమూ కలిసి వస్తే మాత్రం ఒక్క గంట ఆలస్యం చెయ్యొద్దు.

తీజా లాంటి ఉపవాసానికి మరో పెద్ద ప్రమాదం ఈ గ్లిఫ్లోజిన్ మందులో ఉంది. నీళ్లు కూడా తాగని ఉపవాసంలో, లేదా వాంతులూ విరేచనాలూ అవుతున్నప్పుడు ఇది ఒంటిని ఇంకా ఎండగడుతుంది. అన్నిటికంటే చెడ్డది, రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోవచ్చు. అప్పుడు గ్లూకోమీటరు అంకె మామూలుగానే ఉండొచ్చు. అంకె బాగుంది కదా, వికారం ఉపవాసం వల్లే అనుకుంటారు. వికారం, కడుపునొప్పి, ఆయాసపు ఊపిరి ఉంటే ఈ మందు పేరు చెప్పి కీటోన్ పరీక్ష అడగాలి. ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందే దీన్ని ఆపించేదీ అందుకే. రాయ్‌పూర్ మే నెల ఎండ మీకు తెలుసు, పొలంలోనూ రోడ్డు మీదా పనిచేసేవాళ్లు ఈ మందు వాడుతుంటే నీళ్ల సంగతి డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

ఇంతవరకూ చెప్పినవేవీ అలెర్జీలు కావు. అలెర్జీ అంటే మన రక్షణ వ్యవస్థ మందును శత్రువుగా ఎంచి విరుచుకుపడటం. దానికి మోతాదుతో పనిలేదు, రవ్వంత చాలు. మొట్టమొదటి ఇన్సులిన్ ఇంజెక్షనే అలా ఎదురుదెబ్బ తింది. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లెనర్డ్ థామ్సన్‌కు ఆవు క్లోమం నుంచి తీసిన రసం ఎక్కించారు. అందులోని మలినాల వల్ల సూది వేసినచోట గడ్డ లేచింది, ఆపేశారు. జేమ్స్ కాలిప్ రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇస్తే పిల్లవాడు తేరుకున్నాడు. తర్వాత అరవై ఏళ్లు ఆవు, పంది ఇన్సులిన్లే దిక్కు. దద్దుర్లూ, సూది వేసినచోట కొవ్వు కరిగి గుంతలు పడటమూ మామూలుగా ఉండేవి. 1982లో సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన మానవ ఇన్సులిన్ వచ్చాక అవి బాగా తగ్గాయి. ఇవాళ ఇన్సులిన్ దగ్గర దద్దురు వస్తే తప్పు ఇన్సులిన్‌దే కానక్కర్లేదు. అందులో కలిపే క్రిసాల్, జింకు, తెల్లగా మబ్బుగా కనిపించే రకంలో ఉండే ప్రోటమిన్ అనే చేప నుంచి తీసిన పదార్థం, ఆఖరికి చర్మం తుడిచిన స్పిరిటు, వీటిలో ఏదైనా కావచ్చు. రకం మార్చి చూస్తారు, ఇన్సులిన్ మాన్పించరు.

మాత్రలతో వచ్చే అలెర్జీ చాలాసార్లు దురద, దద్దుర్లతో సరిపోతుంది. పెదాలూ నాలుకా ఉబ్బడం, గొంతు బిగియడం, పిల్లికూతలు, కళ్లు తిరగడం ఉంటే అది నిమిషాల మీద నడిచే వ్యవహారం. నోట్లో, కళ్లలో పుండ్లు, చర్మం పొరలుగా ఊడటం చాలా అరుదు గానీ అదీ అంతే అత్యవసరం. గ్లిప్టిన్లు అనే షుగరు మాత్రలు వాడే పెద్దవాళ్లలో నెలల తర్వాత కూడా గట్టి నీటిబొబ్బలు లేవొచ్చు. పాత మందే కదా అని దాన్ని అనుమానించరు. బీపీకి రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటివి కూడా వాడుతుంటే గ్లిప్టిన్‌తో ముఖం ఉబ్బే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఇక సెప్ట్రాన్ పడనివాళ్లు, గ్లిమెపిరైడ్ కూడా సల్ఫా జాతే కదా అని భయపడతారు. యాంటీబయాటిక్ సల్ఫాలో అలెర్జీకి కారణమైన భాగం షుగరు మాత్రలో లేదు, అందుకే రెండూ పడకపోవడం అరుదు. అయినా చెప్పి మొదలుపెట్టించుకోవడం మంచిది.

మన దేశంలో ఇంకో ముడి ఉంది. ఒకే మాత్రలో రెండు, మూడు మందులు కలిపి అమ్ముతారు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, దానికి వోగ్లిబోసో పయోగ్లిటాజోనో. మింగడానికి సులువే, కానీ దద్దురు లేస్తే దొంగ ఎవరు? మందులను విడివిడిగా ఇచ్చి చూసేదాకా తేలదు. అందుకే “చిన్న తెల్ల మాత్ర పడలేదు” అంటే డాక్టరుకు ఏమీ అందదు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లూ, మొదలుపెట్టిన తేదీ, తేడా కనిపించిన తేదీ, ఎలా ఉందో ఒక ఫొటో. ఈ నాలుగూ ఉంటే ఆయన పని సగమైపోతుంది.

పయోగ్లిటాజోన్ సంగతి ఎత్తాను కాబట్టి చెబుతాను. కాళ్లవాపు, బరువు పెరగడం, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆయాసం, ఆడవాళ్లలో ఎముకలు పెళుసెక్కడం దీని దుష్ఫలితాలు. మూత్రాశయ క్యాన్సర్ అనుమానం మీద 2013 జూన్‌లో దీని అమ్మకాన్ని మన ప్రభుత్వం ఆపింది. జూలై చివరికల్లా, పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో తిరిగి అనుమతించింది. అటు ఆపడానికైనా, ఇటు అనుమతించడానికైనా కావలసింది మన రోగుల అనుభవాల లెక్క. ఆ లెక్క తీయడానికే 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది, 2011 నుంచి అది ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ చేతిలో ఉంది. దేశమంతా మెడికల్ కాలేజీల్లో దాని కేంద్రాలున్నాయి. డాక్టరే రాయాలనేమీ లేదు. రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ 1800-180-3024కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, పనిదినాల్లో పగటిపూట పలుకుతారు. ఫారం హిందీలోనూ తెలుగులోనూ దొరుకుతుంది. రోగి పేరులోని మొదటి అక్షరాలు, అనుమానమున్న మందు, ఏమైంది, చెబుతున్నదెవరు, ఇవి ఉంటే రిపోర్టు తీసుకుంటారు. మందే కారణమని మనం రుజువు చెయ్యక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు.